నాలుగు అడుగులా, నాలుగు మీటర్లా?

మా చిన్నప్పుడు... ఎండాకాలం సెలవులంటే మామయ్య రొయ్యల చెరువు గట్టే. యానాం దగ్గర, ఉప్పుగాలి తగిలే చోటు.

ఆ ఏడు నేను పదో తరగతి రాశాను. ఫలితాలు రాకముందే ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకం కొనుక్కుని, కనిపించినవాళ్ళందరికీ ద్రావణాల గాఢత గురించి చెప్పేవాణ్ణి. అడిగినా, అడగకపోయినా...

రొయ్యపిల్ల వేసే ముందు చెరువు నీళ్ళలో బ్లీచింగ్ చల్లాలి. ఇరవై పీపీఎం. అంటే ఘనపు మీటరు నీటికి ఇరవై గ్రాములు. ఎప్పుడూ మందుల కొట్టతను లెక్క చెప్పేవాడు. "ఈసారి మా అల్లుడు కడతాడండి" అని మామయ్య అతన్ని వద్దన్నాడు.

మామయ్య చెరువులో దిగి, వెదురుకర్ర నిలబెట్టి, "నాలుగుందిరా!" అని కేకేశాడు. నేను గట్టు మీద కూర్చుని చెరువు వైశాల్యాన్ని నాలుగుతో గుణించాను. మా వైపు చెరువు లోతు ఎవరైనా అడుగుల్లోనే చెబుతారు. నా పుస్తకంలో అన్నీ మీటర్లే...

ఒక బస్తా సరిపోయే నీళ్ళకి మూడు బస్తాలకు పైగా చల్లించాను.

రోజులు గడిచినా వాసన తగ్గలేదు. "ఏంట్రా అల్లుడూ, కళ్ళు మండిపోతున్నాయి?" అన్నాడు మామయ్య.

"ఎండకి ఎగిరిపోద్ది మామయ్యా" అన్నాను. పెద్ద తెలిసినవాడిలా.

రొయ్యపిల్లని పొదిగించి అమ్మే హేచరీ నుంచి పిల్ల వచ్చింది. గాలి నింపిన సంచుల్లో, వెంట్రుక ముక్కల్లా. ముందు బకెట్‌లో చెరువు నీళ్ళు ముంచి, కొంచెం పిల్ల వేసి చూడటం అలవాటు. కాసేపటికే అవి అడుక్కి చేరి కదలడం మానేశాయి.

అందరూ నావైపు చూశారు. నేను లెక్క మళ్ళీ గడగడా అప్పజెప్పాను. మామయ్య కూతురు సత్య అప్పుడు ఏడో తరగతి. బకెట్ పక్కన గొంతుక్కూర్చుని అడిగింది.

"నాలుగు అడుగులా, నాలుగు మీటర్లా బావా?"

"మీటర్లే."

"నాలుగు మీటర్లయితే ఆ రోజు నాన్న మునిగిపోవాలి కదా?"

గట్టంతా నవ్వింది. పక్క చెరువు రాజుగారైతే, "మీ అల్లుడు ఇందులో ఓడలు తిప్పుతాడేమో కనుక్కోండి!" అన్నారు.

మామయ్య నవ్వలేదు. సంచుల్లో పిల్ల సాయంత్రం దాకా బతకదు. చివరికి రాజుగారి చెరువులోనే వదిలేయాల్సి వచ్చింది. మామయ్యే నీళ్ళలో నిలబడి ఒక్కో సంచీ విప్పాడు. అన్నం దగ్గర "పులుసు వేసుకోరా" అన్నాడంతే. తలెత్తలేకపోయాను.

మా చెరువులో వాసన పోయి మళ్ళీ పిల్ల వేసేసరికి ఆలస్యమై, ఆ పంట వానల్లో పడింది. సగం ఎదిగిన రొయ్యనే పట్టేశారు.

తర్వాత సత్యనే పెళ్ళి చేసుకున్నాను. కాపురమంతా ఆ మాట వదల్లేదు. కిటికీకి కర్టెన్ గుడ్డ కొలిచినా, రంగులకి గోడలు కొలిచినా... "అడుగులా, మీటర్లా బావా?" చుట్టాల ముందు కూడా. చెవులు కాలిపోయేవి. ఒకసారి గట్టిగా కసిరాను. ఆ పూటకి ఆపింది. మర్నాడు మామూలే.

పోయినేడు ఆస్పత్రిలో, నేను మందు మూతలోకి కొలుస్తుంటే మంచం మీంచి సత్య చెయ్యి కొంచెం ఎత్తింది. మాట రాలేదు. ఏమడగబోయిందో తెలుసు.

"మిల్లీలీటర్లే" అన్నాను.

నిన్న మేడ మీద ట్యాంకులో బ్లీచింగ్ కలిపాను. లెక్క రెండుసార్లు చూసుకున్నాను. తప్పు లేదు. ఆ సిగ్గు మాత్రం అలాగే ఉంది... గుర్తు చేసే మనిషే లేదు.

మీ చిన్నప్పటి తప్పుని ఇప్పటికీ పదిమందిలో ఎత్తిపొడిచేవాళ్ళు మీ ఇంట్లో ఉన్నారా? ఏమంటారో రాయండి... చదువుతాను.