జంగయ్య ఫౌజు

జంగయ్యకు ఒకటే పిచ్చి. మట్టితో జానెడైనా లేని సిపాయిలను చేసి, ఎండబెట్టి, రంగులేసి, నట్టింట్లో యుద్ధానికి నిలబెట్టడం. ఇబ్రహీంపట్నంలో మిగతా మగవాళ్ళు పొద్దున లేచి ఎడ్ల మొహం చూస్తే, జంగయ్య లేచి తన దండు మొహం చూసేవాడు. రాత్రి తేమకు ఎవడి మీసమైనా చెదిరిందా, ఎవడి టోపీ అయినా బీటలిచ్చిందా అని ఒక్కొక్కణ్ణే పలకరిస్తే గాని నోట్లో పందుంపుల్ల పెట్టేవాడు కాదు. "ఏమిరా హవల్దార్, బొత్తం ఊడగొట్టుకున్నవ్? నీ అయ్యొచ్చి కుట్టిస్తడా?" అని గోడ అవతల కేక వినబడితే వాడకట్టులో అందరికీ తెల్లారినట్టు లెక్క.

ఈ పిచ్చి వయసులో ఉన్నప్పుడు పట్టింది. సీతాఫలాల బండి తోలుకుని పట్నం పోతే, ఆ రోజు నిజాం ప్రభువు పుట్టినరోజు కవాతు. గుర్రాలు, కోట్లు, తళతళలాడే బొత్తాలు. జంగయ్య నోరు తెరుచుకుని చూస్తుండగా, వెనకాల ఎవరివో ఎడ్లు బండిలో ఫలాలన్నీ నమిలేశాయి. ఖాళీ బండితో ఇల్లు చేరిన మొగుణ్ణి చూసి మాణిక్యమ్మ "ఫలాలేవి?" అని అడిగితే, "గా గుర్రాల వరస నువ్వు సూడాలె మాణిక్యం, ఒక్క కాలు ముందుకు లేదు, ఒక్క కాలు ఎన్కకు లేదు" అన్నాడట. ఆ మాటకు ఆమె ఏం విసిరిందో ఇద్దరూ చెప్పరు.

ఎరుపుకు జాజు, తెలుపుకు సున్నం, నలుపుకు దీపం మసి, నీలానికి అంగట్లో దొరికే నీలిమందు. అన్నింట్లోనూ తుమ్మబంక. కుంచె ఉడుత తోక వెంట్రుకలది. మీసం గీసేటప్పుడు జంగయ్య ఊపిరి బిగబట్టేవాడు, ఇంట్లో ఉన్నవాళ్ళంతా బిగబట్టాలి. ఒకసారి మాణిక్యమ్మ తుమ్మింది. "సూడు, పిల్లగానికి గడ్డం మొలిపిచ్చినవ్! నిన్న మొన్న భర్తీ అయిండు వాడు!" అని రెండు రోజులు అలిగాడు. గడప దాటి ఎవరు కాలు పెట్టబోయినా చెయ్యి అడ్డం పెట్టి "ఆగు! రంగు ఆరలే!" అని అరిచేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలు సగంమంది ఆయన్ని గడప అవతలనుంచే చూసి పోయారు.

ఇక వీరస్వామి. జంగయ్య ఇంటికి ఆనుకున్న గోడ అవతలివాడు, ఊరు మొత్తం మీద అంతటి భయస్తుడు లేడు. బల్లి పలికితే ఉలిక్కిపడతాడు. తన దగ్గు తనకే వినబడి "ఎవలది?" అని అడుగుతాడు. ఊరికే నవ్వుకోవలసిన మనిషే గాని, ఆ ఏడాది ఆయన్ని చూసి నవ్వేవాళ్ళు కూడా నవ్వడం మానేశారు. రజాకార్లు ఊళ్ళమీద పడుతున్నారన్న కబురు రోజూ ఏదో దిక్కునుంచి వస్తూనే ఉంది. కందుకూరు వైపు పొగ కనబడిందని ఒకరంటే, కోహెడలో మగవాళ్ళు చేలల్లో పండుకుంటున్నారని ఇంకొకరు. దానికి తోడు సర్కారుకు ధాన్యం కొలవాలన్న లెవీ. చౌకీ జమేదారు జవాన్లతో వచ్చి, పాతర్లు తవ్వించి, విత్తనానికని దాచుకున్న జొన్నలు కూడా ఎత్తుకుపోతున్నాడు. దాచినవాణ్ణి తీసుకుపోతే మళ్ళీ ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పే దిక్కు లేదు. మొదటిసారి వీరస్వామి భయానికి లోకం సాక్ష్యం చెప్పింది, ఆయనకు మాత్రం అదేమీ సంతోషం కలిగించలేదు.

ఇంత గత్తరలో జంగయ్య ఏం చేశాడో మీరు నమ్మరు. గుట్టలు కట్టడం మొదలుపెట్టాడు. మట్టిలో పొట్టు, పేడ కలిపి, మోకాటెత్తు గుట్టలు. ఇవాళ ఒకటి, ఎల్లుండి ఇంకొకటి. వాటిమీద తంగేడు పుల్లలు గుచ్చితే అడవి. గుట్టకొక కాపలా సిపాయి.

"గిదేందన్నా? ఊరు ఊరంత దడదడ వణుకుతుంటె గుట్టలు గడ్తున్నవ్?" అన్నాడు వీరస్వామి గడప అవతలనుంచి.

"ఫౌజన్నంక గుట్టలుండొద్దా? చాటుకు యాడికి పోతరు పాపం?"

"ఫౌజు ఫౌజు అని వాడకట్టు ఇనబడెటట్టు అరవకు నీ పుణ్యముంటది. బొమ్మలను."

"బొమ్మలంటె వాళ్ళకు రోషమొస్తది."

"ఎవలన్న ఇంటె మన బొందలు దీస్తరన్నా!"

"ఆగాగు, లోపలికి రాకు! రంగు ఆరలే!"

వీరస్వామి తల పట్టుకుని ఇంటికి పోయి పెళ్ళాం దగ్గర మొరపెట్టుకున్నాడు. యాదమ్మ నోరు పెద్దదని పేరు. అటువంటిది ఆ రోజు "ఆయన గుట్టలు ఆయన గట్టుకుంటె నీకేంది? పోయి ఎడ్లకు నీళ్ళు వెట్టు" అని ఊరుకుంది. మాణిక్యమ్మ కూడా ఈ మధ్య మొగుణ్ణి తిట్టడం లేదు. పైగా గుట్టలకు మట్టి తనే తొక్కి ఇస్తోంది. ఆడవాళ్ళకు కూడా ఈ పిచ్చి అంటుకున్నదేమోనని వీరస్వామికి ఇంకో భయం పట్టుకుంది.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు అంగడికి పోతున్న వీరస్వామిని జంగయ్య నీలిమందు తెమ్మని పురమాయించాడు. తేవాలంటే భయమే, తేనని చెప్పాలన్నా భయమే. తెచ్చాడు. తిరిగొచ్చేటప్పుడు శేరిగూడ బాటలో చౌకీ దగ్గర జవాను ఆపి మూట విప్పమన్నాడు.

"ఏందిది?"

భయమేస్తే వీరస్వామికి తెలుగు పోయి ఉర్దూ వచ్చేది. వచ్చేదంటే ఏదో నాలుగు ముక్కలు. "ఫౌజ్ కే వాస్తే, సాబ్" అన్నాడు, ఫౌజు కోసమని. కోట్లకు నీలం రంగు వెయ్యాలని చెప్పబోయాడు గాని ఆ ముక్కలు రాలేదు.

"ఎవరి ఫౌజు?"

"జంగా కీ ఫౌజ్, సాబ్. తయార్ హై."

జంగయ్య ఫౌజు తయారైందనే ఆయన చెప్పింది. కాని ఉర్దూలో జంగ్ అంటే యుద్ధం. యుద్ధానికి ఫౌజు తయారుగా ఉందని విన్నాడు జవాను. వాడి మొహంలో రంగు మారింది.

"ఎంతమందున్నరు?"

"మస్తుమంది సాబ్. ఇల్లంత వాళ్ళే. కూసుందామంటె జాగ లేదు. దినాం పెరుగుతున్నరు" అన్నాడు, ఉర్దూ నిండుకుని మళ్ళీ తెలుగులో పడి.

జవాను తుపాకి పట్టుకుని జమేదారు దగ్గరికి లోపలికి ఉరికాడు. వీరస్వామి ఇటు ఇంటికి ఉరికాడు. వచ్చి జరిగింది జరిగినట్టు చెబితే, జంగయ్య కుంచె పక్కన పెట్టి నిదానంగా అన్నాడు.

"ఓరి వీరస్వామీ. జంగ్ అంటె లడాయి రా. నువ్వు నా పేరు జెప్పలే, సర్కారు మీద లడాయి అని జెప్పొచ్చినవ్."

వీరస్వామికి అప్పుడు అర్థమైంది. తన నాలుక వల్ల ఒక మనిషి ప్రాణం పోబోతోంది. ఏ పాపమూ ఎరగని, మట్టి పిసుక్కునే మనిషి ప్రాణం. "అన్నా, నీ కాళ్ళు మొక్కుత, అన్ని పలగ్గొట్టి బాయిల వడేద్దాం! గుట్టలు గూడ! వాళ్ళొచ్చెటాళ్ళకు ఇల్లు సాఫు జేద్దాం!" అని గునపం అందుకోబోయాడు.

"గుట్టల జోలికి పోకు!" అని మాణిక్యమ్మా, మొగుడి కేకలు విని వచ్చిన యాదమ్మా ఒక్కసారే అరిచారు. జంగయ్య మాత్రం "అయిన దానికి ఇగ ఫికరెందుకు? సర్కారు సిపాయిలు మన సిపాయిలను సూడనీకె ఒస్తున్నరు. మూతులన్న సాఫు జెయ్యనియ్యి" అని గుడ్డ తీసుకుని టోపీల మీద దుమ్ము తుడవసాగాడు.

పొద్దు వాలకముందే వచ్చారు. వాడకట్టులో తలుపులన్నీ మూసుకున్నాయి, కుక్కలు కూడా మొరగలేదు. జవాన్లు ఇల్లు చుట్టేశారు. వాళ్ళ తుపాకులు కూడా వణుకుతున్నాయి, ఎందుకంటే లోపల ఉన్నది రోజురోజుకూ పెరుగుతున్న దండు. జమేదారు తెలుగు బాగానే మాట్లాడేవాడు, తిట్టడానికి మాత్రం ఉర్దూ వాడేవాడు. గోడ చాటునుంచి గొంతెత్తాడు.

"లోపలున్న ఫౌజంత చేతులు పైకెత్తి బయటికి రావాలె!"

తలుపు తీసుకుని జంగయ్య ఒక్కడే బయటికొచ్చాడు, చేతిలో కుంచెతో. "ఎట్లొస్తరు సాబ్? కాళ్ళు పలకకు అతికిచ్చి ఉన్నయ్."

జమేదారుకు ఇది ఉర్దూలో కూడా అర్థం కాలేదు. జంగయ్యను పక్కకు తోసి లోపలికి అడుగేశాడు. పాతికేళ్ళ అలవాటు ఊరుకుంటుందా, వెనకనుంచి జంగయ్య "ఆగు! రంగు ఆరలే!" అని గట్టిగా కసిరాడు. జమేదారు లేపిన కాలు లేపినట్టే నిలబడిపోయాడు. ఆ కాలి కింద బారులు తీరిన సిపాయిలు, వాళ్ళ వెనక గుట్టలు, గుట్టల వెనక గుర్రాలు. చూసీ చూసీ ఆయన మెడ ఎర్రబడింది. ఇంత బలగాన్ని వెంటేసుకొచ్చి మట్టిబొమ్మల ముందు ఒంటికాలి మీద నిలబడ్డానని తెలిస్తే ఎవరికైనా కోపం వస్తుంది.

"నాటకమా? ఇన్ని గుట్టలెందుకు? ఏం దాచినవ్ వీటిల? తుపాకులా, గింజల గల్లానా?" అంటూ పక్కవాడి తుపాకి లాక్కుని మడమ గుట్ట మీదికి ఎత్తాడు. మాణిక్యమ్మ కళ్ళు మూసుకుంది. యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

జమేదారు ఎత్తిన చెయ్యి ఆపి, వాకిట్లో ఆకులా అదురుతున్న మనిషిని చూశాడు. "ఖబర్ ఇచ్చింది వీడేనా? ఇటు రా. నువ్వు జెప్పు. ఈ గుట్టల ఏమున్నది?"

వీరస్వామి లోపలికి వచ్చాడు. ఎట్లా వచ్చాడో ఆయనకే తెలియదు. మాట చెబితే చాలదని, నమ్మకపోతే జంగన్నను తీసుకుపోతారని ఒక్కటే అనిపించింది. వంగి గుట్ట మొదట్లో ఇంత పెడ్డ విరిచి నోట్లో వేసుకున్నాడు.

"మట్టి సాబ్! పేడ గూడ ఉన్నది సాబ్! నా పిల్లలమీద ఒట్టు, ఇంకేం లేదు సాబ్!" అని కరకర నమిలి మింగాడు. మింగి, ఇంకో పెడ్డ విరవబోయాడు.

జమేదారు తుపాకి దించాడు. పెదవులు బిగబట్టాడు గాని ఆగలేదు, నవ్వేశాడు. "చాలు, చాలు. ఇంత పిరికోడు అబద్ధమాడలేడు" అన్నాడు. ఆ తరువాత గొంతుక్కూర్చుని బొమ్మలను ఒక్కొక్కటే చూశాడు. బెల్టు రంగు తప్పన్నాడు. దండులో ఉన్న జమేదారు బొమ్మను చేతిలోకి తీసుకుని దాని మీసం మరీ సన్నంగా ఉందని గునిశాడు. జంగయ్య అక్కడికక్కడే కుంచె ముంచి గీశాడు, మీసం చెంపల దాకా దిట్టంగా వచ్చింది. జమేదారు తన మీసం ఒకసారి తడుముకుని, ఆ బొమ్మను రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారో నవ్వారో వీరస్వామికి తెలియలేదు. ఆయన అప్పటికి పెరట్లో కక్కుకుంటున్నాడు.

కొద్దిరోజులకే మిరుగం కార్తె వచ్చి మొదటి వాన పడింది. నేల మెత్తబడిన మర్నాడు పొద్దున్నే వాడకట్టు ఆడవాళ్ళంతా గంపలు పట్టుకుని జంగయ్య ఇంటికి పోవడం చూశాడు వీరస్వామి. వాళ్ళలో యాదమ్మ కూడా ఉంది. ఏం కొంప మునిగిందోనని వెనకాలే పరిగెత్తాడు. జంగయ్య గునపంతో గుట్టలను ఒక్కొక్కటే తడుతున్నాడు. మట్టి పెళ్ళ ఊడిన చోట కుండ మూతి, కుండలోంచి బిలబిలమని జొన్నలు. ఒక గుట్ట సైదులు ఇంటివాళ్ళది, ఒకటి ఎంకమ్మది. లెవీకి దొరక్కుండా వాడకట్టు విత్తనమంతా ఆ ఫౌజు కాపలాలో ఉంది. వీరస్వామి పెడ్డ విరుచుకు తిన్న గుట్టలో ఉన్నవి ఆయన జొన్నలే.

ఆయనకు కళ్ళు తిరిగాయి. తాను పిల్లల మీద ఒట్టేసింది ఈ గుట్ట మీదనా? తరువాత కోపం వచ్చింది. "అందరికి ఎరికేనా? నాకొక్కనికే జెప్పలేదా? నేనేమన్న ఎవలకన్న జెప్తుంటినా?"

యాదమ్మ పైకప్పు వైపు చూసింది.

జంగయ్య గునపం గోడకు ఆనించి దగ్గరికి వచ్చాడు. "నువ్వు జెప్తవని గాదు వీరస్వామీ. మీ యాదమ్మ కుండ తెచ్చిననాడే నీకు జెప్తనన్నది, నేనే ఒద్దన్న. రజాకార్లంటె నీకు బుగులు, జవానంటె బుగులు, బల్లంటె బుగులు. నీకున్న బుగుళ్ళే నువ్వు మొయ్యలేకపోతున్నవ్, మల్ల ఇదొకటి నీ నెత్తిన ఎందుకు వెట్టాలె? ఈ ఒక్కటి నేను మోస్త తియ్యి అనుకున్న."

వీరస్వామి ఆ ముసలి మొహంలోకి చూశాడు. "మరి నీకు బుగులు గాలేదా అన్నా?"

"కాకేం? ఆ జమేదారు బొమ్మ మీసం అంత లావెందుకొచ్చిందనుకున్నవ్? జరంతనే పెంచుదమనుకున్న. చెయ్యి ఆగితేగా!"

ఆ ఎండాకాలం మొత్తంలో వీరస్వామి మొదటిసారి నవ్వాడు. కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగకుండానే తన జొన్నల గంప నెత్తికెత్తుకుని, దొడ్డిదారిన పొమ్మని యాదమ్మ అంటున్నా వినకుండా, నడి బాట మీదనుంచే చేనుకు పోయాడు.