నాయకుడి అరుగు మీద ఇరిగేషన్ ఆఫీసు

ప్రభుత్వ ఆఫీసు వేరు, పాలక పార్టీ నాయకుడి ఇల్లు వేరు అని మీరింకా నమ్ముతున్నారా?

నేను రిటైరైన మేష్టారిని. మాది అమలాపురం దగ్గర పల్లె. కిందటి తొలకరిలో కాలువ నిండా నీళ్లున్నా నేను వరి నారు పోసిన ఆకుమడి ఎండిపోతోంది. తూముకి తాళం వేసి ఉంది. తూములు చూసే ఇరిగేషన్ లస్కరుని అడిగాను.

"తాళంచెవి పార్టీ నాయకుడు గారింట్లో ఉందండీ. ఆయన చెప్పిన చేలకే నీళ్లండీ" అన్నాడు.

వెంటనే ఒక కాగితం రాసుకుని, లస్కరుని వెంటబెట్టుకుని నాయకుడి అరుగెక్కాను. అక్కడ పదిమంది కూర్చుని ఉన్నారు.

"ఇరిగేషన్ ఆఫీసు ఇదేనాండీ?" అన్నాను.

"ఏంటి మేష్టారూ, ఎగతాళా?" అన్నాడు నాయకుడు.

"అబ్బే, కాదండీ. ప్రభుత్వం వారి తాళంచెవి తమ ఇంట్లో ఉందని ఈ కాగితం మీద సంతకం పెట్టండి చాలు, వెళ్లిపోతాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. నాయకుడి మొహం కందిపోయింది. ఆయన విసురుగా లోపలికి వెళ్లి, తాళంచెవి తెచ్చి లస్కరు చేతిలో పడేశాడు.

తూము దగ్గరికి వస్తూ మీసం దువ్వుకున్నాను. లస్కరు మెల్లగా అన్నాడు: "కిందటి ప్రభుత్వంలో ఐదేళ్లూ ఈ తాళంచెవి అవతలి పార్టీ ఆయనింట్లో ఉండేదండీ. అప్పుడు ముందు మీ చేనుకే నీళ్లు వదిలించేరు. ఆ రోజుల్లో ఈ కాగితం రాయలేదేంటండీ?"

నేను ఓటేసింది ఆ పార్టీకే. ఊరూరా హేతువాదం మీద ఉపన్యాసాలిచ్చిన నా బుద్ధి, నా చేలో నీళ్లు పారినన్నాళ్లూ హాయిగా నిద్రపోయింది.

గెలిచిన పార్టీ ప్రభుత్వాన్ని నడపాలి గానీ ఇంటికి పట్టుకుపోకూడదు. మీరు ఓటేసిన పార్టీ నాయకుడి గుమ్మంలోకే ముందు వెళ్లండి. "ప్రభుత్వం వారి తాళంచెవి తమ ఇంట్లో ఎందుకుందండీ?" అని ఆయన మొహం మీదే అడగండి.