చిన్నాయన పేరు మీద ఎర్ర గీత

నోరు తెరవకుండా ఉద్యోగం చేసెయ్యొచ్చని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ అయిపోగానే సూర్యాపేటలో ఒక బీమా ఏజెంటు దగ్గర పనికి కుదిరాను. ఆయన్ని ‘సారు’ అనేదాన్ని. ఆ ఒక్క ముక్కతోనే మొదటి నెలంతా నెట్టుకొచ్చాను. (మిగతా మాటలన్నీ రోజూ డైరీలోకి వెళ్లిపోయేవి. అక్కడ నేను మహా వాగుడుకాయని.) ఫారాలు నింపడం, కాగితాలు ఫైళ్లలో పెట్టడం, సారు బయటికి వెళ్లగానే సొరుగులోంచి లైబ్రరీ పుస్తకం తీయడం, ఇదీ నా పని. ఫోను మోగితే మాత్రం కుర్చీ కిందికి దూరాలనిపించేది.

ఒకరోజు మిర్యాలగూడ నుంచి చిన్నాయన వచ్చాడు. మా నాన్నకు దూరపు తమ్ముడి వరస. అక్కడ ఆయనకు మిరపకాయలు పట్టే చిన్న కారం గిర్నీ ఉంది. పనివాళ్లకు దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే బీమా గురించి ఎవరో చెప్పారట. “నా దగ్గర ఇద్దరే పనోళ్లు సారూ. గింత గిర్నీకి గూడ కావాల్నా? చిన్నోళ్లకు మాఫీ ఏమన్న ఉంటదేమో” అన్నాడు. “ఒక్కడున్నా అంతే. పనిల దెబ్బ తగిలితే పరిహారం నీ మెడకే సుట్టుకుంటది” అన్నాడు సారు.

పనివాళ్ల జాబితా చిన్నాయనే స్వయంగా రాశాడు. మొదట తన పేరు, తర్వాత మా చిన్నమ్మ పేరు, ఆ కింద ఇద్దరు పనివాళ్లవి. సారు ఎర్ర పెన్ను తీసి మొదటి పేరు కొట్టేశాడు.

“నువ్వు ఓనరువు. నీకు రాదు.”

“గాడ నాకంటె ఎక్కువ పని ఎవరు చేస్తరు సారూ? మర కాడికి వాళ్లను రానియ్య. ఇద్దరికీ చిన్న పిల్లలున్నరు. కాయ పోసుడు, బెల్టు సూసుడు అన్నీ నేనే.”

“చేసినా రాదు. మీ ఇంటామెకు జీతమిస్తున్నవా?”

“జీతమా? ఆమెకు జవాబిచ్చుడే కష్టమైతది నాకు.”

“అయితే ఆమెకూ రాదు.” ఇంకో గీత పడింది.

చిన్నాయన నా వైపు తిరిగాడు. “సూసినవా బిడ్డా, నా గిర్నీలకెల్లి నన్నే తీసేసిన్రు.” నేను ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాను.

పాలసీ వచ్చాక దాన్ని ఇచ్చి రమ్మని సారు నన్నే పంపాడు. “కాయితం ఇచ్చుడు కాదు ముఖ్యం. మర కాడ నిలబడేది ఆయన. ఆయన పేరు మీద ప్రమాద బీమా విడిగా తీసుకొమ్మని చెప్పు. నీ నోటితోని చెప్పు” అన్నాడు. మిర్యాలగూడ బస్సులో ఆ వాక్యాన్ని పదిసార్లు మనసులో చదువుకున్నాను. ‘చిన్నాయనా, ఇందులో మీరు లేరు, మీకు వేరే పాలసీ కావాలి.’ పక్క సీటు అవ్వ నా పెదాల కదలిక చూసి, ఏదో స్తోత్రం అనుకుని, పాపం, తనూ కళ్లు మూసుకుంది.

గిర్నీ గడప దాటానో లేదో తుమ్ము వచ్చింది. తర్వాత ఇంకోటి. ఎర్రటి పొగ మధ్యలో చిన్నాయన తలకు తువ్వాలు కట్టుకుని మరలో మిరపకాయలు పోస్తున్నాడు. నేను “చిన్నాయనా, మీకు” అనేదాన్ని, తుమ్మేదాన్ని. మళ్లీ “మీకు” అనేదాన్ని, తుమ్మేదాన్ని. “నాకేమైతది బిడ్డా, నేను మంచిగనే ఉన్న, ముందుగాల నువ్వు బయటికి నడు” అన్నాడు. పనివాళ్లిద్దరూ జల్లెళ్లు ఆపి నవ్వారు. చిన్నమ్మ మంచినీళ్లిచ్చి, నా సంచిలో ఒక కారం పొట్లం పెట్టింది. ఆ నవ్వులకు సిగ్గుపడి కాగితం ఆవిడ చేతిలో పెట్టేసి బస్సెక్కాను. తుమ్ములు తగ్గాక తిరిగి లోపలికి వెళ్లగలిగేదాన్నే. వెళ్లలేదు.

“చెప్పినవా?” అన్నాడు సారు. “చెప్పాను సారు” అన్నాను. అంత తేలిగ్గా నా నోట్లోంచి వచ్చిన మొదటి వాక్యం అదే. ఆ వాక్యం అబద్ధం. డైరీలో మాత్రం తుమ్ముల గురించి రెండు పేజీలు నవ్వొచ్చేలా రాసుకున్నాను.

మూడు నెలలకు చిన్నాయన మళ్లీ వచ్చాడు. కుడి చేతికి పెద్ద కట్టు. తువ్వాలు కొస బెల్టులో చిక్కితే లాక్కోబోయాడట. దవాఖానలో మూడు వేళ్లు తీసేశారు. ఆయన నిలబడే మాట్లాడాడు. “సారూ, గా ఫారంల నా పేరు మళ్ల రాయరాదా? గీత మీదనే రాయండి.”

సారు తల దించుకున్నాడు. “ఇప్పుడు రాస్తే లాభం లేదు. ఈ అమ్మాయి ఆ రోజే చెప్పింది గద, విడిగా తీసుకొమ్మని.”

చిన్నాయన నన్ను చూశాడు. నేను ఫైలులోకి తల దూర్చాను. ఆయన కట్టు ఉన్న చేతిని నెమ్మదిగా గుండెకు దగ్గరగా తీసుకున్నాడు.

“ఔ సారూ, చెప్పింది. నేనే ఇనలే.”

పనివాళ్లను మర దగ్గరికి రానివ్వని మనిషి, నన్నూ దెబ్బ దగ్గరికి రానివ్వలేదు.

ఆయన వెళ్లిపోయాక సారుకు నిజం చెప్పేశాను. ఎన్ని వాక్యాలు మాట్లాడానో గుర్తులేదు. ఒక్క తుమ్మూ అడ్డు రాలేదు. సారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఎవరి గిర్నీకి, ఎవరి వెల్డింగు షెడ్డుకు వెళ్లినా కూర్చోకముందే అడుగుతాను, “మీకు దెబ్బ తగిలితే ఎట్ల?” అని. (నా వెనక నన్ను నోటిదురుసు మేడం అంటారని తెలుసు. ఆ బిరుదు నాకు చాలా ఖరీదైంది.) చిన్నాయన గిర్నీలో ఇప్పుడు మరకు ఇనుప జాలీ ఉంది. ఆయన పేరు మీద వేరే పాలసీ ఉంది, పోయిన వేళ్లకు కాదు, మిగిలినవాటికి. ఏటా దాన్ని కొత్తది చేయించడానికి నేనే వెళ్తాను. ఆయన ఎడమ చేత్తో మర ఆపి, గడప దగ్గరే నన్ను నిలబెడతాడు.

“ముందుగాల చెప్పేది చెప్పు బిడ్డా. ఎన్క తుమ్ము.”

చెప్పి, తుమ్ముతాను. బస్సులో పెదాలు కదుపుకుంటూ కూర్చున్న ఆ పిల్ల అప్పుడు గుర్తొస్తుంది. నవ్వుకుంటాను. కళ్లు తుడుచుకుంటే, కారం అనుకుంటారు అందరూ.