అన్నీ సమానంగా అరగాలి

పెద్దబావగారికి లోకంలో ఒకటే బాధ. ఏ వస్తువూ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అరగకూడదు. అరిగితే అన్ని పక్కలా సమానంగా అరగాలి. చిన్నకోడలు కాపురానికొచ్చిన మర్నాడే ఆయన గుమ్మం దగ్గర ఆమె చెప్పులు తీసి, తిరగేసి చూసి, "ఎడమ మడమ మీద బరువేసి నడుస్తావమ్మా నువ్వు" అన్నారు. కొత్త ఇంట్లో తనతో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే కావడంతో, ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ జబ్బు ఆయనకి బండి వల్ల పట్టుకుంది. ఆయన కంకర క్వారీలో మేనేజరు. ఆ రాళ్లదారిలో మామూలు కారు పనికిరాదని, నాలుగు చక్రాలూ ఇంజను బలంతో తిరిగే బండి కొన్నారు. కొన్న ఏడాదికే ముందు టైర్లు బోడిగుండ్లయ్యాయి. వెనకవి మాత్రం కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. అడుగున ఏదో మూలగడం మొదలైంది. మెకానిక్కు పడుకుని చూసి లేచాడు.

"ఈ బండి నాలుగూ కలిసి లాగాలండీ. అరిగిన టైరు చిన్నదవుతుంది. మిగతావాటితో సమానంగా పోవాలంటే అది ఎక్కువ తిరగాలి. ఆ గుంజులాటలో లోపల గేర్లు నలిగిపోతాయి. అప్పుడప్పుడు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారుస్తూ ఉండండి."

మెకానిక్కు అందరికీ చెప్పే మాటే అది. ఈయనకి మాత్రం మంత్రోపదేశమైపోయింది.

ఒకసారి ఒక టైరులో ఇనుపముక్క దిగి, అతుక్కి పనికిరాకుండా పోయింది. మిగతా మూడూ సగం అరిగి ఉన్నాయి. ఈయన టైర్ల షాపుకి వెళ్లి కొత్తది ఒకటి తీసుకుని, "దీన్ని ఆ మూడింటంత అరగదీసి ఇవ్వండి" అన్నారు. షాపాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"పాతదాన్ని కొత్తదిగా చెయ్యమని అడిగినవాళ్లని చూశాను గానీ, కొత్తదాన్ని పాతది చెయ్యమన్న మనిషిని ఇదే చూడటం."

"చేస్తారా, చెయ్యరా?"

"చేస్తాను. కానీ నేను చేశానని ఎవరికీ చెప్పకండి."

బండి మూలుగు తగ్గింది. పిచ్చి మాత్రం ఇంట్లోకి నడిచొచ్చింది. పరుపులు అటూ ఇటూ తిరగేశారు. సోఫా దిండ్లకి వంతులు పెట్టారు. భోజనాల బల్ల దగ్గర నెలనెలా అందరూ ఒక్కో కుర్చీ జరగాలన్నారు. ఫ్యాను కింద కూర్చునే అత్తగారు ఒక నెల తిరిగేసరికి కిటికీ పక్కన తేలారు.

"నన్ను కూడా అరగదీస్తావురా?" అన్నారు ఆవిడ.

"నిన్ను కాదమ్మా, కుర్చీని."

చివరికి ఆసుపత్రిలో కాలు విరిగి పడుకున్న స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్లి, "ఒకే పక్కకి పడుకున్నావు, అరిగిపోతావు" అని రెండో పక్కకి తిప్పబోయారు. స్నేహితుడు పెట్టిన కేకకి నర్సు పరిగెత్తుకొచ్చింది. తీరా సంగతి విని, "ఆయన చెప్పింది నిజమే, ఒళ్లు పుండు పడుతుంది. కాకపోతే తిప్పేది మేము" అంది. ఆ సగం సమర్థింపు దొరికాక ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేకపోయారు.

చిన్నకోడలు మందుల షాపులో సహాయకురాలు. లైసెన్సు పరీక్ష పాసయితే కౌంటరు ఆమెకే అప్పగిస్తానని షాపు యజమాని మాటిచ్చాడు. పరీక్షకి తరగతులు పొద్దున్నే. కానీ ఆ ఇంట్లో పొద్దున్నే అంటే వంటిల్లు, వంటిల్లంటే చిన్నకోడలు. తోటికోడలు ఉద్యోగానికి మొదటి బస్సుకే పరిగెత్తాలి. అత్తగారికి తెల్లవారితే కాళ్లు పట్టేస్తాయి. మొగుడు మంచివాడే గానీ, వంటిల్లు ఏ దిక్కున ఉందో అతనికి మంచినీళ్లు కావలసినప్పుడే గుర్తొచ్చేది. ఎవరూ ఆమెను చెయ్యమనలేదు, ఎవరూ వద్దననూ లేదు. తరగతికి సగం రోజులు ఆలస్యం, మిగతా సగం నాగా. ఇక ఈ చదువు మన వల్ల కాదని, వచ్చే సోమవారం మాస్టారికి చెప్పేద్దామని ఆమె నిశ్చయించుకుంది. ఆ మాట మొగుడికి చెప్పి, ఒక్కతే కూర్చుని ఏడ్చింది కూడా.

ఆ ఆదివారం పెద్దబావగారు టార్చిలైటు పట్టుకుని వంటింట్లోకి దూరారు. గ్యాసు స్టవ్వు ముందు వంగి చాలాసేపు చూశారు. తర్వాత ఇంటిల్లిపాదినీ పిలిచారు.

"ఈ స్టవ్వు మంట పెంచే, తగ్గించే మరలు ఒకే చెయ్యి తిప్పి తిప్పి ఒక పక్కకి అరుగుతున్నాయి. రేపట్నుంచి పొద్దుటి వంటకి రోజుకో చెయ్యి. నాతో మొదలు."

"అన్నయ్యా, స్టవ్వు కూడానా?" అన్నాడు మొగుడు.

"మంటతో ఆటలొద్దురా. పేలితే?"

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది అనుకున్నారందరూ. అత్తగారు మాత్రం నిట్టూర్చి, "వీడితో వాదించేకంటే కూర వండడమే తేలిక" అని తీర్పు చెప్పేశారు.

అలా వంతులు మొదలయ్యాయి. బావగారు వేసిన గుడ్లు రెండు పక్కలా ఒకే రంగులో మాడేవి. మొగుడు మొదటి వారం ఉప్పనుకుని చక్కెర వేశాడు. రెండో వారం తన టీ తనకే నచ్చి మరో గ్లాసు పోసుకున్నాడు. అత్తగారు స్టూలు మీద కూర్చుని కూర కలుపుతూ కొడుకుల వంటకి వంకలు పెట్టడంలో కాళ్ల నొప్పులు మర్చిపోయారు. తోటికోడలు తన వంతు ముందు రోజు సాయంత్రమే వండి పెట్టేది. చిన్నకోడలు ఆ మొదటి సోమవారం మాస్టారి దగ్గరికి వెళ్లింది గానీ, చదువు మానేస్తానన్న మాట చెప్పలేదు. వెళ్లి ముందు బెంచీలో కూర్చుంది.

పరీక్ష పాసయింది. కౌంటరు ఆమె చేతికొచ్చింది.

తన వంతు రోజున స్టవ్వు తుడుస్తూ ఆమె మరలన్నీ విప్పి కడిగింది. ఎంత వెతికినా ఒక్కదాని మీదా అరిగిన గుర్తు కనబడలేదు. సాయంత్రం బావగారు వాకిట్లో బండి చక్రాలు మారుస్తుంటే వెళ్లి పక్కన నిలబడింది.

"బావగారూ, ఆ మరలు కొత్తవాటిలా ఉన్నాయే."

"కొత్తవే కదమ్మా. పోయిన వేసవిలో నేనే మార్పించాను."

"మరి అరుగుతున్నాయన్నారు?"

ఆయన బోల్టు బిగించి, చెయ్యి తుడుచుకున్నారు. "నీకు సాయం చెయ్యమని చెబితే ఇంట్లో పంచాయితీ అవుతుంది. ఎవరెంత చేస్తున్నారో, ఎవరెంత చెయ్యట్లేదో అన్నీ బయటికి లాగుతారు. నా పిచ్చి అంటే ఎవరూ నోరెత్తరు. ఒకరోజు పొద్దున్న టీ గ్లాసు చేత్తో పట్టుకుని నించున్నచోటే నిద్రపోయావు నువ్వు. చూడలేకపోయాను."

ఆమె ఏదో అనబోయింది. ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"ఇంట్లో అనకు. ఇంకా గిన్నెలు తోమే పని నీ నెత్తినే ఉంది. దానికి ఏం అరుగుతోందని చెప్పాలో తోచక చస్తున్నాను."

చిన్నకోడలు కాసేపు నిజంగానే ఆలోచించింది.

"కుళాయి అని చెప్పండి బావగారూ. ఎప్పుడూ ఒకే పక్కకి తిప్పుతున్నాం."