బర్రె మీది కొంగ

కెమెరా మెడలో వేసుకున్నవాడు నడుస్తుంటే గల్లీ మొత్తం చొక్కా సర్దుకునే కాలం ఒకటుండేది. ఇప్పటిలాగా జేబులోంచి తీసి టీ గ్లాసునూ, చెప్పుల జతనూ ఫోటో తీసే రోజులు కావవి. మనిషి ఫోటో దిగాలంటే తల దువ్వుకోవాలి, ఊపిరి బిగబట్టాలి, అయిపోయిందని చెప్పేదాకా రెప్ప వేయకూడదు. అలాంటి రోజుల్లో పురానాపూల్ నుంచి బార్కస్ దాకా నా అంతటి ఫోటోగ్రాఫరు లేడు. నేను రానిదే మా బంధువుల పెళ్ళిళ్ళలో తలంబ్రాలు పడేవి కావు. (ఇది కొంచెం ఎక్కువైంది. తలంబ్రాలు వాటి వేళకు అవి పడేవి, నేనే పిలవకుండా వెళ్ళేవాణ్ణి. పురానాపూల్ నుంచి బార్కస్ దాకా అన్నదాన్ని కూడా మా గల్లీ మొదలు నుంచి చివరి నల్లా దాకా అని చదువుకోండి.)

కెమెరా కూడా నాది కాదు. మా గల్లీ మలుపులో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకడుండేవాడు, అందరూ ఘడీ భాయ్ అనేవాళ్ళు. ఆ నల్లటి డబ్బా కెమెరా ఆయనది. రీలుకు పన్నెండు ఫోటోలు. పైనున్న చిన్న అద్దంలో చూసి మీట నొక్కాలి, ఆ తర్వాత పక్కనున్న మర తిప్పాలి. తిప్పుతుంటే కరకరమని చప్పుడొచ్చేది, వెనకవైపు ఎర్ర కిటికీలోకి తర్వాతి అంకె వచ్చి నిలబడేది. అంకె మారితేనే కొత్త ఫోటో. కెమెరా నా చేతిలో పెట్టేటప్పుడల్లా ఘడీ భాయ్‌ది ఒకటే మాట. “దేఖో మియా, మీట నొక్కుడు బచ్చోంకా కామ్. మర తిప్పుడు ఫోటోగ్రాఫర్ కా కామ్. యాద్ ఉంచుకో.”

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. మనుషుల ఫోటోలంటే చిన్నచూపు. వరసగా నిలబడ్డ బంధువులను తీయడమూ, పేర్చిన ఇటుకలను తీయడమూ ఒకటేనని నా అభిప్రాయం. నా చూపంతా నల్లా కింద నీళ్ళు తాగే పిచ్చుక మీద, గోడెక్కిన కాకరతీగె మీద, వాన వెలిశాక మూసీ ఒడ్డున తలెత్తే గడ్డి మీద. నన్ను ప్రకృతి కళాకారుడని ఊరంతా అనేది. (ఊరంటే నేనే. మా బాపు అన్నది వేరు: “ఇంటినిండ మనుషులుండంగ కాకరకాయకు ఫోటో ఏందిర?”)

ఆ వానాకాలంలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ మీరాలం చెరువుకు పోదామనుకున్నాం. ముందురోజు పొద్దున పొయ్యి దగ్గర సర్వపిండి గిన్నెకు నూనె రాస్తూ అమ్మ నన్ను పిలిచింది. “అందరినీ తీస్తవ్ గని, నన్నూ మీ బాపునూ ఒక్కపారి పక్కపక్కకు నిలవెట్టి తియ్యి బిడ్డా. లగ్గమయి ఇరవై రెండేండ్లాయె, ఒక్కటన్న లేదు.” లేకపోవడానికి కారణం మా పెద్దబాపు, అంటే బాపుకు అన్న. అన్న ముందర తమ్ముడు పెళ్ళాం పక్కన నిలబడడం మా ఇంట్లో మర్యాద కాదు. పెద్దబాపు దగ్గు వినబడితే చాలు, అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని తలుపు వెనక్కి పోయేది. ఉన్న నాలుగైదు ఇంటి ఫోటోల్లో బాపు ఆ చివర, అమ్మ ఈ చివర, నడుమ బస్తీ అంత జనం. “మరి పెద్దబాపు?” అన్నాను. అమ్మ అన్నీ ఆలోచించి పెట్టుకుంది. “తిన్నంక ఒరుగుతడు గదా. గప్పుడు.”

చెరువు దగ్గర పొద్దుటి పూటే పది ఫోటోలు అయిపోయాయి. పిల్లలు, పెద్దమ్మ, రిక్షాలో కాలు మీద కాలేసుకున్న పెద్దబాపు. (పదిలో మూడు నా సొంతానివి. చీమలబారు ఒకటి, తుంగగడ్డి ఒకటి, తాబేలు ఒకటి. ఫోటోలు కడిగించాక ఆ తాబేలు రాయి అని తేలింది.) భోజనాలయ్యాయి. పెద్దబాపు చింతచెట్టు కింద తువ్వాల మొహం మీద వేసుకుని పడుకున్నాడు. అప్పుడు చూశాను. ఒడ్డు దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలో ఒక బర్రె, దాని వీపు మీద తెల్లటి కొంగ, రెండూ కదలడం లేదు. మీట నొక్కాను. పదకొండు. బర్రె కదిలితే కొంగ ఎగురుతుంది, రెక్కలు విప్పిన కొంగ పన్నెండో ఫోటో అవుతుంది, అది పత్రిక అట్ట మీదికెక్కుతుంది, దాని కింద నా పేరుంటుంది. ఇదంతా ఒక్క క్షణంలో నాకు కనపడింది. అప్పుడే వెనక నుంచి అమ్మ మెల్లగా పిలిచింది. “రా బిడ్డా, గురక వెట్టిండు.”

అమ్మ తడిబట్టలో చుట్టి తెచ్చుకున్న మల్లెపూలు తలలో పెట్టుకుంది. బాపు బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు, ఎంత కడిగినా గోళ్ళ నలుపు పోయేది కాదు, అందుకని చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చాడు. “ఏందే ఈ ఏశాలు. అన్న లేస్తే?”

“లేవడు. రెండుపార్లు పెరుగన్నం ఏసిన.”

బాపు మూరెడు దూరంలో నిలబడ్డాడు. అమ్మ ఒక అడుగు జరిగింది. బాపు చింతచెట్టు వైపు చూసి, తనూ అర అడుగు జరిగాడు. “జరంత నవ్వుర్రి” అన్నాను, అలవాటు కొద్దీ. బాపు ఫోటోలో నవ్వగా ఎవరూ చూడలేదు. అమ్మ నా వైపే చూస్తూ పెదవి కదపకుండా అంది: “లగ్గం నాడు సుత గిట్లనే మొగం వెట్టిండు, బాకీ వసూలుకు వచ్చినోని లెక్క.” బాపు నవ్వాడు. పళ్ళు కనపడేలా, భుజం అమ్మ భుజానికి తగిలేలా నవ్వాడు. చిన్న అద్దంలో నేను దాన్ని చూశాను. మీట నొక్కాను.

మర తిప్పకుండా నొక్కాను.

మర ఇరుక్కుందని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పాను, ఎంత గట్టిగా తిప్పానో, వేలు ఎలా ఒరుసుకుపోయిందో కూడా చెప్పాను. వేలు బాగానే ఉంది. మర ఇరుక్కోలేదు. నేను కావాలనే తిప్పలేదు. పన్నెండోది కొంగకు దాచుకున్నాను. ఒకసారి ఫోటో పడిన చోట ఇంకొకటి పడదు, కాబట్టి వీళ్ళకు మీట చప్పుడు వినిపిస్తే చాలు, తర్వాత ఫోటో చెడిపోయిందంటే సరిపోతుంది, బాపు ఎక్కడికి పోతాడు, ఇంకోసారి తీయవచ్చు అనుకున్నాను. (పలక మీద రాసినచోటే మళ్ళీ రాస్తే రెండూ కనపడతాయని ఒకటో తరగతి పిల్లలకు తెలుసు. కళాకారుడికి తెలియలేదు.) వాళ్ళిద్దరూ ఇంకా విడిపడక ముందే కరకరా మర తిప్పుకుంటూ ఒడ్డుకు పరుగెత్తాను. నా పరుగుకే కొంగ లేచింది. నొక్కాను.

ఫోటోలు కడిగించుకొచ్చాను. పదకొండోదాంట్లో బర్రె నిలబడి ఉంది, బర్రె కడుపులో అమ్మా బాపూ ఉన్నారు. సరిగ్గా బాపు నవ్వు మీదనే కొమ్ము. అమ్మ మల్లెపూల మీద కొంగ. ఇల్లంతా పడీపడీ నవ్వింది. పెద్దబాపు మాత్రం కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, “పోనీ తియ్ తమ్మీ, నడుమ బర్రె అన్న ఉన్నది” అన్నాడు. ఇక పన్నెండోది. ఉత్త ఆకాశం. కొంగ తోక కూడా లేదు.

బాపు నన్ను వెంటబెట్టుకుని ఘడీ భాయ్ దగ్గరికి పోయాడు. “మీ డబ్బా ఖరాబయింది భాయ్, మర ఇరుకుతుందంట.” ఘడీ భాయ్ కంటికి అద్దం బిగించుకుని కెమెరా విప్పాడు. మర తిప్పాడు. కరకర. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ. అద్దం తీసి నన్ను చూశాడు. “హౌ అన్నా, ఖరాబే ఉంది. మాఫ్ చెయ్యిర్రి” అన్నాడు బాపుతో. నలభై ఏళ్ళుగా బస్తీ గడియారాలన్నీ సరిచేసిన మనిషి, తన సామాను చెడ్డదని నా ముందరే ఒప్పుకున్నాడు.  ఆ తర్వాత ఆయన కెమెరా ఇస్తాననలేదు, నేను అడగనూ లేదు.

అమ్మ ఇంకొక్కసారి బాపును అడిగింది. “ఒకపారి నిలవడ్డ గదనే” అన్నాడు బాపు. మళ్ళీ నిలబడలేదు.

బాపు పోయాక గోడకు పెట్టడానికి ఒక మంచి ఫోటో కావాల్సి వచ్చింది. నవ్వు మొహం ఒక్కటే ఉంది, కొమ్ము కింద. స్టూడియోకు పట్టుకుపోయాను. అక్కడి ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, “బర్రెను తీస్తే బాపు సుత పోతడన్నా” అన్నాడు. ఇంటికొచ్చి అమ్మ ముందర కూర్చున్నాను. అన్నేళ్ళ తర్వాత మర సంగతి చెప్పాను. అమ్మ ఫోటోను కొంగుతో తుడుస్తూ ఉంది.

“మర సప్పుడు రాలె గదా. నాకు గప్పుడే ఎరుకైంది.”

“మరి గప్పుడే చెప్పకపోతివి?”

“చెప్తే మీ బాపు దూరం జరుగుతుండె.”

ఇప్పుడు అమ్మ కూడా లేదు. బర్రె ఫోటో చెల్లెలి ఇంట్లో ఉంది. పన్నెండోది నా దగ్గరుంది. చాలా ఏళ్ళు దాన్ని చూపించి, ఆకాశాన్ని అలా తీయడానికి ఎంత చెయ్యి తిరగాలో ఉపన్యాసాలిచ్చాను, నమ్మినవాళ్ళూ ఉన్నారు. ఈ మధ్య ఆ కోతలు మానేశాను. ఎవరైనా దాన్ని చూసి, ఇందులో ఏమీ లేదే, ఇదేం ఫోటో అని అడిగితే, మా అమ్మా బాపూలది అని చెప్తాను. నా వంక అదోలా చూస్తారు. ముసలాడికి చూపు తగ్గిందనుకుంటారు కాబోలు. నిజానికి చూపు అప్పట్లోనే తక్కువగా ఉండేది.