పెద్దమ్మ అందించిన దారం

మీరు రాకెట్‌ని ఒక్కసారైనా కలిసి తీరాలి. ఊరికే కలిస్తే లాభం లేదు, మిషన్ ముందు కూర్చున్నప్పుడు చూడాలి. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మూడో లైను, కిటికీ పక్క మిషన్. ఆమె పని కాలర్ ఎక్కించడం. మనం చొక్కా వంక చూస్తే ముందు కంటపడేది కాలరే, వంకర పోతే దాచడానికి వీల్లేనిదీ కాలరే. రాకెట్ దాన్ని మెడ చుట్టూ గిర్రున తిప్పి, దారం టక్కున తెంపి, అవతల పడేసేలోపు మీరు ముక్కు కూడా గోక్కోలేరు. ఆ పేరు పెట్టింది లైన్‌లో వాళ్ళే. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకుని ఆమే పలకదు.

పక్క మిషన్ పెద్దమ్మది. చుట్టరికం ఏమీ లేదు, లైన్ మొత్తానికీ పెద్దమ్మే. కాలర్ పని రాకెట్‌కి నేర్పింది ఆమే. ఇద్దరూ ఒకే బిల్డింగ్‌లో కింద, పైన ఉంటారు. పెద్దమ్మకి తోడు ఎవరూ లేరు. ఇంకో పదకొండు నెలలు నెట్టుకొస్తే పింఛను చేతికొస్తుంది. నాలుగేళ్ళుగా చూపు మందగించింది. సూదిలోంచి దారం జారిందంటే మళ్ళీ ఎక్కించలేదు. తల ఎత్తకుండా దారం కొస పక్కకి చాస్తుంది. రాకెట్ కూడా తల ఎత్తకుండానే అందుకుని, వంగి, ఎక్కించేస్తుంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండదు.

అక్కడితో ఆగితే ఈ కథే లేదు. ఫ్యాక్టరీలో ఇరవై చొక్కాలు ఒక బండిల్. కుట్టడం అయ్యాక ఎవరి నంబర్ స్టిక్కర్ వాళ్ళు అంటిస్తారు, సాయంత్రం అవి లెక్కపెడతారు. రాకెట్ తను కుట్టిన బండిళ్ళలో కొన్నింటికి పెద్దమ్మ నంబర్ అంటించేది. మొదట్లో రోజుకి ఒకటి. పెద్దమ్మ చూపు తగ్గే కొద్దీ రెండు, మూడు. ఈమధ్య అయిదు. లైన్‌లో అందరికీ తెలుసు. సూపర్‌వైజర్‌కీ తెలుసు. ముందు పన్ను ఊడి మాటకో ఈల వస్తుందని ఆయన్ని విజిల్ అంటారు. లైన్ మొత్తం లెక్క సరిపోతే చాలు, మిగతాది ఆయన కంటికి కనబడేది కాదు.

అంతలో ఊరికి గడ్డుకాలం వచ్చింది. ముందు టైల్స్ ఫ్యాక్టరీ మూతబడింది. రాకెట్ మొగుడి ఉద్యోగం దాంతోనే పోయింది. మెయిన్ రోడ్డు మీద షాపుల షట్టర్లు ఒక్కొక్కటీ దిగిపోయాయి. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వెళ్ళడానికి చోటు లేని మగాళ్ళు బస్టాప్‌లో నిలబడేవారు. బస్సు వచ్చేది, పోయేది. వాళ్ళు అక్కడే ఉండేవారు. ఆ తర్వాత చొక్కాల ఆర్డర్లు సగానికి పడ్డాయి. పైనుంచి మాట దిగింది: లైన్‌కి ఒక్క కాలర్ మిషనే ఉంటుంది. ఆరు నెలల లెక్క తీసి, తక్కువ కుట్టినవాళ్ళని పంపించెయ్యాలి.

బుధవారం విజిల్ రాకెట్‌ని బటన్ల గదిలోకి పిలిచాడు. తలుపు చేరవేశాడు.

"లిస్ట్‌లో నీ పేరుందమ్మా."

రాకెట్ నవ్వేసింది. "జోకులా సార్?"

"నా మొహం చూస్తే జోకులా ఉందా? రోజుకి నువ్వు పంతొమ్మిది బండిళ్ళు, ఆవిడ ఇరవై. కాయితం మీద అదే ఉంది."

అటు అయిదు వేస్తే ఇటు అయిదు తగ్గుతాయని ఆమెకి అప్పటిదాకా తట్టనే లేదు.

"నిజం చెప్పేస్తాను సార్."

"చెప్పు. తప్పుడు స్టిక్కర్లంటే దొంగతనం కింద రాస్తారు. నువ్వూ పోతావు, ఆవిడా పోతుంది, మీ వెనకాలే నా మూట కూడా సర్దుకోవాలి." ఆయన గొంతు తగ్గించాడు. "ఒక్కటే దారి. స్టిక్కర్ల ఊసెత్తకుండా, లెక్క మీద అనుమానం ఉందని రాసిస్తే టెస్ట్ పెడతారు. అరగంట, ఇద్దరూ పక్కపక్కన, ఎక్కువ కుట్టినవాళ్ళు ఉంటారు. రేపు సాయంత్రంలోగా రాసివ్వు."

ఇంటికొచ్చేసరికి మొగుడు పిల్లల స్కూలు బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. విని ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు.

"రాసిచ్చెయ్. ఇందులో ఆలోచించడానికేముంది?"

"అవతల ఉన్నది పెద్దమ్మయ్యా!"

"నా ఉద్యోగం పోయినప్పుడు ఏ పెద్దమ్మ అడ్డం పడింది?"

"నీకేం తెలుసు? చేరిన కొత్తలో వేల్లోకి సూది దిగితే, బయటపడితే తీసేస్తారని నా పని కూడా తనే కుట్టింది. నా నంబర్ స్టిక్కర్ తన బండిల్ మీద అంటించింది. ఈ స్టిక్కర్ల పని మొదలెట్టింది నేను కాదు, ఆవిడే."

అతను పిల్లల చొక్కా ఒకటి మడతపెట్టాడు. "మరి మనం?" అన్నాడు. అంతే.

గురువారం సాయంత్రం గంట కొట్టడానికి అయిదు నిమిషాల ముందు రాకెట్ కాయితం ఇచ్చింది.

టెస్ట్ అని తెలిసి పెద్దమ్మ ఏమాత్రం కంగారుపడలేదు. అడిగింది రాకెట్ అని ఆమెకి తెలియదు. "ముసల్దాని చేతులు చూడాలని పైవాళ్ళకి ముచ్చటేసినట్టుందే పిల్లా," అంది మెట్ల దగ్గర. "నువ్వు రోజూ వేసే ఆ ఒకటో రెండో లేకపోతే నేను కుట్టలేననుకున్నారేమో. చూపిద్దాంలే." రాకెట్ చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగింది. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

శుక్రవారం పది గంటలకి లైన్ ఆపారు. మిషన్ల వెనక మేనేజర్ వాచీ పట్టుకుని నిలబడ్డాడు. షరతులు ముందే చెప్పాడు: ఎవరి పని వాళ్ళదే, మాటల్లేవు, సాయం లేదు. సాయం చేస్తూ దొరికితే ఇద్దరూ బయటికే. విజిల్ మాత్రం నేల చూస్తున్నాడు. మిగతా వాళ్ళంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మొదలెట్టండి."

నెమ్మదిగా కుట్టాలని రాకెట్ రాత్రే అనుకుంది. ఒక్క చొక్కా తేడాతో గెలిస్తే చాలు, పెద్దమ్మ పరువు దక్కుతుంది. కానీ చేతులకి నెమ్మదంటే ఏమిటో తెలియదు. నాలుగు, అయిదు, ఆరు... పక్క మిషన్ చప్పుడు ఆగుతూ సాగుతూ వినిపిస్తోంది. పెద్దమ్మ మొహాన్ని గుడ్డకి ఆనించి మరీ కుడుతోంది.

పదిహేనో నిమిషంలో ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. దారం జారింది.

తల ఎత్తకుండా, నాలుగేళ్ళుగా చేసినట్టే, పెద్దమ్మ దారం కొస పక్కకి చాచింది.

మేనేజర్ మెడ ముందుకి వంచాడు. విజిల్ కళ్ళు మూసుకున్నాడు. దారం కొస రాకెట్ మోచేతికి జానెడు దూరంలో ఆగింది. రాకెట్ ఎడమచెయ్యి గుడ్డ మీంచి లేచింది. నిజంగానే లేచింది, లైన్‌లో అందరూ చూశారు. లేచిన చెయ్యి ఇంకో కాలర్ తీసుకుని సూది కింద పెట్టింది.

మిషన్ మోగింది. దారం కాసేపు అలాగే గాల్లో ఉండి, మెల్లగా వెనక్కి వెళ్ళింది.

అరగంటకి రాకెట్‌వి ముప్ఫై ఒకటి. పెద్దమ్మవి ఎనిమిది.

పెద్దమ్మ కళ్ళజోడు డబ్బాలో పెట్టుకుంది. కుర్చీ మీది దిండు చంకన పెట్టుకుని, బయటికి నడిచింది.

ఆదివారం మెట్ల మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. పెద్దమ్మ కోపంగా లేదు. అలా ఉన్నా బాగుండేదని రాకెట్‌కి అనిపించింది.

"ఒక్కటి చెప్పవే అమ్మాయ్. రోజుకి ఎన్ని వేసేదానివి నాకు?"

"రెండు, పెద్దమ్మా."

"రెండేనా?"

"రెండే."

పెద్దమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. చివరి మెట్టు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "పోన్లే, రెండే," అంది.

రాకెట్ ఇప్పుడూ ఆ కిటికీ పక్కనే కూర్చుని కుడుతోంది. పక్క మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. మీరు ఆ కుర్చీలో ఉండి, పిల్లలు ఇంట్లో ఉండి, మేనేజర్ వెనక నిలబడి ఉండగా ఆ దారం కొస మీ మోచేతి దాకా వచ్చి ఉంటే, అందుకునేవారా? నిజం చెప్పండి, మీరేం చేసి ఉండేవారు?