బేస్ కర్వ్ అడగకుండా ఇచ్చిన లెన్స్

2004లో నేను భద్రాచలంలోని ఒక కళ్లద్దాల షాపులో ఆప్టీషియన్‌గా పనిచేసేవాణ్ణి. కాంటాక్ట్ లెన్స్ కావాలని ఎప్పుడో ఒకరు వచ్చేవారు. వాళ్ల కళ్లద్దాల చీటీ చూసి డీలరుకు ఫోన్లో పవర్ చెప్పేవాణ్ణి. “బేస్ కర్వ్ ఎంత?” అని అతను అడిగితే, “ఉన్నదే పంపు” అనేవాణ్ణి.

బేస్ కర్వ్ అంటే లెన్స్ లోపలి వంపు. ఆ అంకె తగ్గేకొద్దీ లెన్స్ కంటిని బిగించి పట్టుకుంటుంది. నల్లగుడ్డు వంపు కొలిచి, లెన్స్ పెట్టి చూసి ఆ అంకె నిర్ణయించాలి. పవర్ కూడా మారుతుంది. అద్దం కంటికి కాస్త ఎడంగా ఉంటుంది, లెన్స్ కంటిమీదే కూర్చుంటుంది. అందుకే మైనస్ ఎనిమిది అద్దాలవాళ్లకు లెన్స్ ఏడుంపావు చాలు. ఇవన్నీ నేను చదువుకున్నవే. కొలిచే మిషన్ మా షాపులో లేదు. ఖమ్మం పంపితే బేరం పోతుందని పంపేవాణ్ణి కాదు.

బూర్గంపాడు నుంచి లైన్‌మన్ దావీదు కూతురు రూతు వచ్చింది. కబడ్డీ ఆడుతుంది. అద్దాలతో కోర్టులోకి రానివ్వరు. జిల్లా సెలెక్షన్లు దగ్గరపడ్డాయి. తెప్పించిన లెన్సులు పెట్టగానే అంది:

“అన్నా, కుడికన్ను గట్టిగ పట్టినట్టుంది.”

“కొత్త గద చెల్లె, అలవాటైతది.”

సెలెక్షన్ల ముందురోజు తండ్రి ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. కుడికన్ను ఎర్రగా ఉబ్బింది. వెలుతురు పడితే నీరు కారుతోంది. రెప్పతో నెడితే కొద్దిగా కదలాల్సిన లెన్స్ కదల్లేదు. పీకితే నల్లగుడ్డు గీరుకుపోతుందని సెలైన్ చుక్కలు వేస్తూ కూర్చున్నాను.

“చుక్కలు బుగ్గ మీద పడుతున్నయేందన్నా? భయపడాల్సింది నేను గద!” అంది రూతు, కన్ను తెరవకుండానే.

చివరికి లెన్స్ వచ్చింది. తెల్లగుడ్డు మీద గుండ్రటి నొక్కు మిగిలింది.

“ఎరుపు వొయ్యే మందెయ్యి బాబూ. రేపు పొద్దుగాల ఆడాలె” అన్నాడు దావీదు.

స్టిరాయిడ్ చుక్కల సీసా చేతికందేంత దూరంలో ఉంది. వేస్తే ఎరుపు తగ్గుతుంది, నా తప్పూ బయటపడదు. లోపల ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం చూపు పోవచ్చు. మూత తీశాను కూడా. రూతు తల వెనక్కి వాల్చి, చుక్క కోసం ఎదురుచూస్తోంది.

మూత పెట్టేశాను.

“బాబాయ్, కొలవకుండ లెన్సిచ్చిన. తప్పు నాది. జల్దీ ఖమ్మం పోవాలె, కంటి డాక్టరుకు చూపియ్యాలె.”

కొడతాడనుకున్నాను. “గీ మాట గప్పుడే చెప్పొద్దా?” అన్నాడంతే. ఖమ్మం బస్సులో ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం.

నల్లగుడ్డు మీద పుండు మొదలైందని డాక్టర్ చెప్పాడు. చూపు దక్కింది. సెలెక్షన్ పోయింది.

మరుసటి ఏడు రూతు ఖమ్మంలో కొలిపించుకున్న లెన్స్ చీటీతో మా షాపుకే వచ్చింది.

“దెబ్బ తిన్నోడు జాగ్రత్తగ చేస్తడని నాయిన పంపిండు” అని, చీటీ నా చేతికివ్వకుండా వేలు పెట్టి చూపించింది. “గీ ఎనిమిది పాయింట్ ఎనిమిది ఏంది?”

“బేస్ కర్వ్.”

“గప్పుడు నాకిచ్చింది?”

“ఎనిమిది పాయింట్ నాలుగు.”

“గంతేనా తేడా?”

ఆ తర్వాత ఎవరైనా గట్టిగా ఉందంటే అలవాటవుతుందని నేను అనలేదు. ముందు లెన్స్ తీసేస్తాను.